టువామొటు పగడపు దీవులకు తెరచాప పడవ: ప్రాజెక్టు డైరీ

పడవ, దారి, కాలం

పడవ 12 మీటర్ల ఫైబర్ స్లూప్, అంటే ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవ. సామానుతో కలిపి 11 టన్నులు. అడుగున ఉండే బరువు రెక్క, అంటే కీల్, నీళ్ళలోకి 1.9 మీటర్లు దిగుతుంది. ఇంజన్ 40 హార్స్‌పవర్ డీజిల్. మనుషులు నలుగురు. దక్షిణ పసిఫిక్‌లోని ఫ్రెంచ్ పాలినీషియాలో మార్కెసస్ దీవుల నుకు హివా నుంచి బయల్దేరి టువామొటులోని కవేహి, ఫకరవ, టోవు, అపతాకి వరసగా చూసుకుంటూ వెళ్ళాలి. మే నుంచి సెప్టెంబరు లోపే ఇదంతా జరగాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. మామూలు ఏడాదుల్లో తుపాన్లు ఇంత తూర్పుకు రావడం తక్కువే కానీ ఎల్ నినో ఏడాది లెక్క వేరు. 1982–83లో ఒరామా, వీనా వంటివి ఒకే సీజన్లో ఈ ప్రాంతాన్ని వరసగా కొట్టాయి. పగడపు వలయంలో దాక్కోవడానికి కొండ ఉండదు, ఏరు ఉండదు.

టువామొటులో దాదాపు 80 వలయాలున్నాయి. వలయమంటే మధ్యలో మడుగు, చుట్టూ పగడపు దిబ్బ; ఆ దిబ్బ తెగి పడవ లోపలికి పోగలిగే దారి గండి. నేల రెండు మూడు మీటర్ల ఎత్తు, దాని మీద కొబ్బరి చెట్లు. 1768లో ఇటుగా వచ్చిన బూగెన్‌విల్ వీటికి ప్రమాదకర ద్వీపాలని పేరు పెట్టాడు. 1947 ఆగస్టు 7న కోన్‌-టికీ తెప్ప పెరూ నుంచి కొట్టుకొచ్చి ఆగింది ఇక్కడి రరోయియా దిబ్బ మీదే. జీపీఎస్ ఉన్న ఈ రోజుల్లో దీవిని కనుక్కోవడం పెద్ద పని కాదు. ప్రమాదమంతా గండి దాటే చివరి అర మైలులోను, ఆ తర్వాత లంగరు వేసే పది మీటర్ల లోతులోను ఉంది. అందుకే తెరచాపల మీద కన్నా గొలుసు, చార్టు, గడియారం మీద ఎక్కువ పని పెట్టాం.

కాగితాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు మామూలు షెంగెన్ వీసా ఒక్కటే ఇక్కడ సరిపోదు. సాధారణంగా ఫ్రెంచ్ పాలినీషియాకు చెల్లుతుందని ప్రత్యేకంగా రాసిన వీసా తీసుకోవాలి. పడవలో వస్తున్నామని దరఖాస్తులోనే రాసి, పడవ రిజిస్ట్రేషన్, సిబ్బంది జాబితా జతచేయడం మేలు. లేకపోతే తిరుగు టిక్కెట్టు ఏదని అడుగుతారు. ఈ పని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి, ఎందుకంటే పడవలో ఏ వస్తువు రాకపోయినా ప్రత్యామ్నాయం ఉంటుంది, దీనికి లేదు.

చార్టులు

వెక్టర్ చార్టును, అంటే గీతలూ కొలతలూ డేటాగా ఉండే డిజిటల్ చార్టును, ఎంత పెద్దది చేసి చూసినా కొత్త కొలతలు పుట్టవు. పైగా దూరం నుంచి చూసే స్కేల్లో కొన్ని దిబ్బలు కనబడకుండానే పోతాయి. 2014 నవంబరులో వోల్వో ఓషన్ రేసులో టీమ్ వెస్టాస్ విండ్ పడవ హిందూ మహాసముద్రంలోని కార్గడోస్ కరాజోస్ దిబ్బ ఎక్కింది ఇలాగే. కాబట్టి మొదటి నియమం: గీసిన దారి మొత్తాన్ని అతి పెద్ద స్కేల్లో, మైలు మైలూ జరుపుకుంటూ ఒకసారి చూడాలి. విసుగొచ్చే పనే, అయినా తప్పదు.

రెండో పని ఉపగ్రహ చిత్రాలు. సాస్‌ప్లానెట్‌తో (చిత్రాలు దించే సాఫ్ట్‌వేర్) ఒక్కో వలయాన్ని ఎంబీటైల్స్ అనే పటం ఫైలుగా దించి, చార్టు సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీపీఎన్‌లో పెట్టాం. 17వ జూమ్‌లో ఈ అక్షాంశం దగ్గర ఒక పిక్సెల్ మీటరు పైచిలుకు, 18లో అర మీటరు పైచిలుకు. వలయం మొత్తానికి 17 సరిపోతుంది. గండ్లకు, లంగరు వేసే చోట్లకు మాత్రం 18. రెండు వేర్వేరు సంస్థల చిత్రాలు దించాలి, ఒకదాంట్లో మబ్బు అడ్డొచ్చిన చోట రెండోదాంట్లో గుట్ట కనిపిస్తుంది. చిత్రం, జీపీఎస్ కలుస్తున్నాయో లేదో నుకు హివాలో పడవల రేవు గట్టు పక్కనే నిలబడి సరిచూశాం. కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ సరిచూడాలి, ఒక దీవికి కుదిరిన చిత్రం ఇంకో దీవికి కొన్ని మీటర్లు పక్కకు ఉండవచ్చు.

ఆగ్నేయాన మొరురోవా, ఫంగతౌఫా చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టాం. 1966 నుంచి 1996 దాకా ఫ్రాన్స్ పాలినీషియాలో చేసిన 193 అణుపరీక్షలకు ఆ రెండు వలయాలే వేదిక. ఇప్పటికీ అటు వెళ్ళనివ్వరు.

గొలుసు, బెండ్లు

లంగరు 30 కిలోలు, గొలుసు 10 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్, 80 మీటర్లు. మడుగు అడుగున ఇసుక, మధ్యమధ్య మనిషంత నుంచి ఇల్లంత పగడపు గుట్టలు. గొలుసంతా నేల మీద పడి ఉంటే గాలి తిరిగినప్పుడు గుట్టకు చుట్టుకుంటుంది. పగడం విరుగుతుంది, అది ఒక నష్టం. రెండోది మనకు: 50 మీటర్లు వదిలిన గొలుసు చుట్లు పడి 15 మీటర్లే మిగిలితే, గాలి లేచినప్పుడు పడవ ముందు కొస నిటారు గొలుసు మీద కుదుపుకుంటుంది. రోలర్ వంగడం, గొలుసు లాగే యంత్రం విండ్‌లాస్ గేర్ విరగడం ఇక్కణ్ణుంచే మొదలు.

దీనికి మందు గొలుసుకు బెండ్లు, అంటే నీళ్ళలో తేలే బంతులు, కట్టడం. లెక్క ఇది. 10 మిల్లీమీటర్ల గొలుసు గాలిలో మీటరుకు 2.3 కిలోలు, ఉప్పునీళ్ళలో సుమారు 2 కిలోలు. ఆరు మీటర్ల గొలుసును పైకెత్తాలంటే 12 కిలోల తేలుడు బలం కావాలి. 30 సెంటీమీటర్ల గుండ్రటి గట్టి ప్లాస్టిక్ బెండు 14 లీటర్లు. దాని సొంత బరువు పోగా 13 కిలోలు ఎత్తుతుంది. అంటే ఆరు మీటర్లకు ఒకటి. ముత్యాల తోటలవాళ్ళు వాడి వదిలేసిన బెండ్లు దీవుల్లో దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. పడవ పక్కన వేలాడదీసే గాలి నింపే ఫెండర్లు దీనికి పనికిరావు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి మెత్తటి ఫెండరు నలిగి ఎత్తే బలం చాలావరకు పోతుంది.

12 మీటర్ల లోతులో వేసే తీరు: ఇసుక మచ్చ చూసి లంగరు దించి, లోతుకు తగినంత గొలుసు వదిలి, ఇంజన్ వెనక్కి నడిపి లంగరు పాతుకునేలా చేయాలి. మొదటి బెండు ఆ తర్వాతే. దానికన్నా ముందు కడితే లంగరు కాడ పైకి లేచి పట్టు వదులుతుంది. ఆపైన ఆరేసి మీటర్లకు రెండోది, మూడోది. మొత్తం గొలుసు 55 మీటర్లు. చివరి బెండు పడవకు మరీ దగ్గరగా ఉండకూడదు. గాలి లేని రాత్రి పడవ తన గొలుసు మీదికే తేలుతూ వస్తుంది, అప్పుడు బెండు చుక్కానికీ ప్రొపెల్లరుకూ మధ్య ఇరుక్కుంటుంది. ఒక్కో బెండుకు పొట్టి తాడు, స్టెయిన్‌లెస్ కారబినర్. గొలుసు లింకులో తగిలించడం, తియ్యడం ఐదు సెకన్ల పని కావాలి. తడి చేతులతో ముడి విప్పుకుంటూ కూర్చోవడం కుదరదు.

బెండ్లతో ఒక లోటుంది. గొలుసు బరువు వల్ల వచ్చే మెత్తదనం తగ్గి కుదుపు నేరుగా పడవ మీద పడుతుంది. అందుకు 16 మిల్లీమీటర్ల నైలాన్ తాడు పది మీటర్లు, గొలుసుకు కొక్కెంతో పట్టించి ముందు క్లీట్‌కు కట్టాం. తాడు రాసుకునే చోట పాత ఫైర్ హోస్ ముక్క తొడిగాం.

నీళ్ళు

దీవుల్లో ఊళ్ళవాళ్ళు తాగేది వాన నీళ్ళు. వాళ్ళ ట్యాంకు మీద ఆధారపడడం న్యాయం కాదు, కాబట్టి ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం తప్పదు. 12 వోల్టులది, గంటకు 25 లీటర్లు, 9–10 ఆంపియర్లు తీసుకుంటుంది. నలుగురికి రోజుకు 50 లీటర్లు అనుకుంటే రెండు గంటల నడక, 20 ఆంపియర్-గంటలు. ఎండ ఉన్న రోజు సోలార్ పలకలకు ఇది బరువు కాదు.

మొదట వచ్చిన ఇబ్బంది పంపు గాలి పీల్చడం. నీళ్ళు తీసుకునే రంధ్రం పొట్టు పక్కన పైగా ఉంటే పడవ ఒరిగినప్పుడు బయటికి తేలుతుంది. పంపు ఒత్తిడి ఊగిసలాడుతుంది, ఉత్పత్తి సగం అవుతుంది. పడవను ఒడ్డుకెక్కించినప్పుడు రంధ్రాన్ని కీల్ పక్కకు మార్చాం. ముందు 20 మైక్రాన్ల వడపోత, తర్వాత 5 మైక్రాన్లది. మడుగులో రెండు రోజులు గాలి గట్టిగా వీస్తే సన్నటి పగడపు పొడి నీళ్ళలో లేచి 5 మైక్రాన్లదాన్ని చకచకా మూసేస్తుంది, అలాంటప్పుడు ఆగడమే నయం. సరుకుల ఓడ పక్కనున్నప్పుడు అసలు నడపకూడదు. నీటి మీది డీజిల్ లోపలికి పోతే యంత్రంలో ఉప్పును ఆపే పొర (మెంబ్రేన్) పోయినట్టే. క్లోరిన్ కలిసిన రేవు నీళ్ళు కూడా పొరకు విషం, కడిగే నీళ్ళు కార్బన్ వడపోత గుండానే వెళ్ళాలి. వాడకపోతే వారానికోసారి మంచినీళ్ళతో కడగాలి. నెల దాటి ఆపాలంటే సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపాలి.

బయల్దేరే గంట

నుకు హివాలోని తైయొహే రేవు నుంచి కవేహి సుమారు 510 సముద్రపు మైళ్ళు. సగటున గంటకు ఐదున్నర మైళ్ళనుకుంటే 93 గంటలు. కవేహి గండి దగ్గర ప్రవాహం ఆగి నీరు నిలిచే వేళ శుక్రవారం పొద్దున 11కు పడిందనుకుందాం. వెనక్కి లెక్కేస్తే సోమవారం మధ్యాహ్నం 2కు తాడు విప్పాలి. ఇక్కడే ఒక మెలిక: మార్కెసస్ గడియారం టువామొటు కన్నా అరగంట ముందుంటుంది. తైయొహేలో 2:30 అయితే టువామొటులో 2. అరగంట చిన్న తేడాగా కనిపిస్తుంది కానీ గండి దగ్గర నీరు నిలిచేది కూడా ఒక్కోసారి అంతసేపే. పడవలో గడియారాలన్నీ బయల్దేరిన రోజే టువామొటు సమయానికి తిప్పేశాం.

వాణిజ్య పవనాలు బాగా వీచి గంటకు ఆరున్నర మైళ్ళు పడితే గురువారం రాత్రి ఎనిమిదిన్నరకే చేరిపోతాం, అది మంచి వార్త కాదు. జూన్‌లో అక్కడ ఐదుంబావుకు పొద్దు గుంకుతుంది. నీళ్ళ కింది గుట్టలు కనపడేది తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకానే. చీకట్లో దీవుల మధ్య తచ్చాడడం కన్నా రెండో రోజు నుంచే తెరచాపను మూడో మడత దాకా కుదించి వేగం తగ్గించడం మేలు. ఇక్కడ ప్రవాహం పడమరకు గంటకు అర మైలు నుంచి మైలు దాకా లాగుతుంది, తెరచాప అడ్డం పెట్టి ఆగినా దీవి వైపు జరుగుతూనే ఉంటాం. చాలా వలయాలకు దక్షిణపు అంచున కొబ్బరి చెట్లే ఉండవు, నీళ్ళకు సమంగా ఉన్న దిబ్బ మాత్రమే. రాడార్‌లో అది కనిపిస్తుందని ఆశ పెట్టుకోకూడదు.

గండి లెక్క

విశాఖలో పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. టువామొటులో అర మీటరు ఉంటే ఎక్కువ. అయినా గండ్లలో నాలుగు నాట్‌ల (గంటకు నాలుగు సముద్రపు మైళ్ళు) నుంచి, చెడ్డ రోజున అంతకు రెట్టింపు దాకా నీరు పరుగెడుతుంది. ఎందుకో గుణించి చూడండి. 300 చదరపు కిలోమీటర్ల మడుగు పది సెంటీమీటర్లు నిండితే 3 కోట్ల ఘనపు మీటర్ల నీరు. 200 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు గండిలోంచి నాలుగు నాట్‌ల వేగంతో సెకనుకు 4,000 ఘనపు మీటర్లు పోతాయి. ఆ పది సెంటీమీటర్లు దిగడానికే రెండు గంటలు పైన పడుతుంది.

ఈ నీరు పోటుతోనే వచ్చిందనుకుంటే లెక్క తప్పుతుంది. దక్షిణం నుంచి వచ్చే పెద్ద అలలు దిబ్బ మీంచి దూకి మడుగును నింపుతూనే ఉంటాయి. దూకడానికి అన్ని పక్కలా దారి ఉంది, పోవడానికి మాత్రం గండి ఒక్కటే. రెండు మూడు రోజులు మూడు మీటర్ల దక్షిణపు అల కొట్టిందంటే గండిలో రోజంతా బయటికే ప్రవాహం. పోటు వేళ అది కాస్త మెత్తబడుతుందే తప్ప తిరగదు. ఫ్రెంచ్ హైడ్రోగ్రాఫిక్ సంస్థ టువామొటులోని రంగిరోవా వలయానికి ఇచ్చే పట్టిక మొదటి అంచనా మాత్రమే. దానికి గత మూడు రోజుల అల ఎత్తు, దిక్కు, గాలి కలిపి చూడాలి. దక్షిణపు అల రెండున్నర మీటర్లు దాటితే పట్టిక వేళ కన్నా గంట ముందే వెళ్ళి బయట నిలబడి చూడడమని మేం నియమం పెట్టుకున్నాం.

ఏ గండి అన్నదీ ముఖ్యమే. గాలి చాటున ఉన్న గండిలో గాలీ నీరూ ఒకే దిక్కుకు బయటికి పోతాయి, అలలు అంతగా లేవవు. కవేహి గండి నైరుతి పక్కన, ఫకరవ ఉత్తరపు గండి గారువాయె వాయవ్యాన ఉన్నాయి. గారువాయె వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు పైనే, పాలినీషియాలో అంత వెడల్పున్నది మరొకటి లేదు. గాలికి ఎదురున్న గండిలో బయటికొచ్చే నీరు ఎదురు అలతో గుద్దుకుని నిలువు అలలు లేస్తాయి. టోవు తూర్పు పక్కనున్న ఒటుగి అలాంటిది. దాన్ని గాలి తగ్గిన రోజుకే ఉంచాం.

దాటే వరస. గండికి రెండు మైళ్ళ ముందే ఇంజన్ వెయ్యాలి, వేడెక్కాలి. మెయిన్ తెరచాప పైనే ఉండాలి, ఇంజన్ ఆగితే అదే దిక్కు. లంగరు కట్లు విప్పి సిద్ధంగా. చిన్న పడవ వెనక లాగడం కాదు, డెక్ మీదికి ఎక్కించాలి. హాచ్‌లు మూసి, ఆటోపైలట్ తీసేసి, చుక్కాని చేతిలోకి. ఒకరు పోలరాయిడ్ కళ్ళద్దాలతో తెరచాప స్తంభం (మాస్ట్) మీది అడ్డకర్ర దగ్గర. ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ ఇసుక, గోధుమ రంగు పగడం. సూర్యుడు వెనకో, నడినెత్తినో ఉంటేనే ఈ రంగులు నమ్మాలి.

కొద్దిపాటి ఎదురు ప్రవాహంలో వెళ్ళడం మాకు నచ్చిన పద్ధతి. ఆరు నాట్‌ల మీద ఇంజన్ నడుస్తుంటే, రెండు నాట్‌ల ఎదురు నీటిలో చుక్కానికి పట్టు బాగా ఉంటుంది, పడవ నెమ్మదిగా కదులుతుంది, మనసు మార్చుకుంటే నీరే బయటికి తోసేస్తుంది. లోపలికి లాగే నీటిలో వెళ్తే వేగం ఎక్కువ, తిరిగే అవకాశం లేదు. నాలుగు నాట్‌ల ఎదురైతే నేల మీద వేగం రెండు నాట్‌లే. 600 మీటర్ల గండికి పది నిమిషాలు పూర్తి బలంతో నడపాలి, ఇంజన్ వేడి ముల్లు మీద ఒకరి కన్ను ఉండాలి. ముందున్న రెండు గుర్తులు ఒకే వరసలో ఉంచుకుంటే పక్కకు జారడం వెంటనే తెలుస్తుంది. కంపాస్ చూస్తూ పోతే తెలియదు.

మడుగు లోపల

లోపల సముద్రం లేదనుకుని తేలిగ్గా తీసుకోవడం తప్పు. ఫకరవ మడుగు పొడవు 60 కిలోమీటర్లు, వెడల్పు 20 పైన. ఆగ్నేయ గాలి ముదిరితే ఈశాన్యపు కొసనున్న రోటోఆవా ఊరి ముందు లంగరు కష్టమవుతుంది. తూర్పు అంచు వెంట బోయాల దారి పట్టుకుని ఆగ్నేయపు మూలనున్న హిరిఫాకు జరగాలి. దక్షిణాన వాతావరణ ఫ్రంట్ (చల్లగాలి, వేడిగాలి కలిసే హద్దు) పోయేటప్పుడు గాలి ఈశాన్యం నుంచి ఉత్తరం, వాయవ్యం, పడమర మీదుగా తిరుగుతుంది. అప్పుడు తూర్పు ఒడ్డున లంగరేసిన పడవలన్నిటికీ వెనకే దిబ్బ. బారోమీటరు ఇక్కడ రోజుకు రెండుసార్లు తనంతట తానే రెండు మూడు హెక్టోపాస్కల్‌లు లేచి పడుతుంది, కాబట్టి నిన్న ఇదే గంటకు ఎంతుందో దాంతోనే పోల్చాలి. పగలు వచ్చిన దారి జాడను ప్లాటర్‌లో దాచి పెట్టాం. రాత్రి జరగాల్సి వస్తే ఆ గీత మీదే వెనక్కి, ఒక్క మీటరు పక్కకు పోకుండా.

గొలుసు చుట్టుకుందని గుర్తు: గాలి తక్కువున్నా ముందు కొస కుదుపు, ఠంగుఠంగున చప్పుడు. విండ్‌లాస్‌తో బలవంతంగా లాగకూడదు. ముసుగు పెట్టుకుని ఒకరు దిగి ఎటు చుట్టుకుందో చూసి చెయ్యి చూపిస్తే, గొలుసు వదులు చేసి పడవను అటు నుంచి ఇటు నడిపి విప్పాలి.

కవేహి, అహె, మనిహి, అపతాకి మడుగుల్లో నల్ల ముత్యాల తోటలున్నాయి. నడుస్తున్న తోట బెండ్లు వరసగా కనిపిస్తాయి. మూసేసిన తోటల తాళ్ళే ప్రొపెల్లరుకు గండం, సగం మునిగి ఉంటాయి. తగులుకున్న క్షణంలో న్యూట్రల్, ఆ తర్వాత కత్తితో కిందికి. కొబ్బరి ఇక్కడ కొప్రా (ఎండు కొబ్బరి) పంట, ప్రతి తోటకూ యజమాని ఉంటాడు. మొలకెత్తిన కాయలోని కొబ్బరి పువ్వు కింద పడి ఉన్నా అడగందే తీసుకోకూడదు.

చేప విషయం: దిబ్బ చేపల్లో సిగ్వటెరా విషం ఉండొచ్చు. దానికి మూలమైన సూక్ష్మజీవికి గాంబియెర్ దీవుల పేరు మీదే గాంబియెర్డిస్కస్ అని పేరు. వండినా గడ్డకట్టించినా ఆ విషం పోదు, రుచిలోనూ తెలియదు. ఒక గండి దగ్గర మంచిదైన చేపే పక్క గండి దగ్గర చెడ్డది కావచ్చు, ఊరివాళ్ళు తినే రకాన్నే, వాళ్ళు పట్టే చోటే. బయట లోతు సముద్రంలో గాలానికి పడిన ట్యూనాకు ఈ బెడద లేదు. అది పడని రోజు పప్పు, ఆవకాయ.

ఫకరవ, టోవు, కవేహితో కలిపి ఏడు వలయాలు యునెస్కో జీవావరణ ప్రాంతం. బోయాలు వేసి ఉన్నచోట లంగరు వేయకుండా వాటికే కట్టాలి. కట్టే ముందు బోయా కింది తాడును దిగి చూడాలి, దాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో పైనుంచి తెలియదు.

మిగిలిన పని

టోవులో వాయవ్యపు పక్కనున్న ఆన్స్ అమ్యో ముందు పెట్టుకున్నాం. గండిలా కనిపించినా మడుగులోకి దారి లేని చోటది, కాబట్టి ప్రవాహం బెడద తక్కువ. అపతాకిలో పడవను ఒడ్డుకు లాగే యార్డు ఉంది. అక్కడ చుక్కాని బేరింగ్ ఆట కొలవాలి, అడుగు రంగు వేయాలి, షాఫ్ట్‌కు తుప్పు పట్టకుండా పెట్టే జింకు మార్చాలి. గొలుసు మొదటి 20 మీటర్లు పగడపు ఇసుకలో రాసుకుని గాల్వనైజింగ్ పోయి ఎర్రబడుతోంది. దాన్ని కొస మార్చి వేయాలి. లింకు ఏ చోటైనా 9 మిల్లీమీటర్ల కన్నా సన్నబడితే ఆ ముక్క కోసెయ్యాలి, కోసిన తర్వాత 60 మీటర్లు మిగలకపోతే తహితిలోని పపేటే నుంచి సరుకుల ఓడలో కొత్తది తెప్పించాలి.